సంచి తీసేస్తే సమస్య తీరిపోయినట్టేనా?

 

నందిగామ హాస్టల్లో మా గదిలో ఆరుగురం ఉంటాం. జగ్గయ్యపేట, వత్సవాయి, చందర్లపాడు వైపు తండాల వాళ్లం. మొన్న రాత్రి మాటల్లో తేలింది, మాలో నలుగురి అమ్మలకు గర్భసంచి లేదు. నలుగురికీ నలభై దాటకముందే తీసేశారు. ఒక్కరికీ క్యాన్సర్ లేదు. తెల్లబట్ట, నడుం నొప్పి, నెలసరి ఎక్కువ కావడం, అంతే.

ఒకరి ఆపరేషన్‌కి కాగితం నింపింది మాలో ఒకరే. అప్పుడు పదో తరగతి. ఇంగ్లీషు కాగితం చేతిలో పెట్టి "చదువుకున్నావుగా, మీ అమ్మ చేత వేలిముద్ర వేయించు" అన్నారు. వేయించాం. అందులో ఏముందో అర్థం కాలేదు, అడగడానికి నోరు రాలేదు. ఈ పోస్టు రాయడానికి కారణం ఆ వేలిముద్రే.

ఇది మా గది గోల మాత్రమే కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. మన ఆంధ్రాలో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే. మన ఆడాళ్ల ఒళ్లు మాత్రమే అంత చెడిపోయిందా?

"మీవాళ్లే వచ్చి తీసేయమంటున్నారు" అంటారు. అవును, అడుగుతున్నారు. ఎందుకు అడుగుతున్నారో చూడండి. మిరపకోతకి పోతే చేలో మరుగుదొడ్డి ఉండదు. నెలసరి అని రెండు రోజులు ఆగితే రెండు రోజుల కూలి పాయె. చిన్నప్పుడే పెళ్లి, ఇద్దరు పిల్లలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, ఆ తర్వాత "ఇంక సంచితో పనేముంది" అనే మాట. పైగా "ఉంచితే క్యాన్సర్ అవుద్ది" అని భయం పెడతారు. భయపడి అడిగినదాన్ని ఇష్టంతో అడిగినట్టు లెక్కేస్తే ఎట్లా?

ఈ ఆపరేషనే వద్దని మేం అనట్లేదు. క్యాన్సర్‌కీ, మందులకు లొంగని పెద్ద గడ్డలకూ, ఆగని రక్తస్రావానికీ అది ప్రాణం నిలబెడుతుంది. కానీ తెల్లబట్టకు మందులున్నాయి. ఎక్కువ రక్తస్రావానికి ముందు మాత్రలు, లూప్ లాంటివి ఉన్నాయి. సంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగిన ఒళ్లు ముందే వచ్చేస్తుంది. ఒంట్లో ఆవిర్లు, గుల్లబారే ఎముకలు, గుండెజబ్బు భయం. కూలి పోతుందని చేయించుకున్న ఆపరేషనే చివరికి కూలికి పోలేని ఒళ్లు మిగులుస్తుంది. అప్పు మాత్రం అట్లాగే ఉంటుంది.

డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అనవసర గర్భసంచి ఆపరేషన్లు ఆపడానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అన్ని రాష్ట్రాలూ అమల్లో పెట్టాలంది. జిల్లా స్థాయిలోనూ పర్యవేక్షణ కమిటీ ఉండాలన్నది అందులోని మాట. మరి మన ఎన్టీఆర్ జిల్లాలో ఆ కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది? మన తండాల్లో ఎవరినైనా అడిగిందా? సమాచార హక్కు కింద మేం దరఖాస్తు పెడుతున్నాం. మీ జిల్లాల్లో మీరూ పెట్టండి.

ఇంకోమాట మనకే. ఇంట్లో మొదట చదువుకున్నది మనం. అమ్మ బయట కూర్చుంటే లోపలికి పోయి మాట్లాడేది మనం. "కారణం తెలుగులో రాసివ్వండి, అండాశయాలు ఉంచుతారా తీస్తారా, మందులతో తగ్గదా" అని అడగండి. సంతకానికి ముందు సర్కారు ఆసుపత్రిలో ఇంకో డాక్టరుకి చూపించండి. అమ్మ దగ్గర ఈ మాటలు ఎత్తడానికి సిగ్గుపడకండి, మగపిల్లలకైతే మరీ మరీ చెప్తున్నాం. మన సిగ్గే వాళ్లకు బేరం అయింది.

అప్పుడు నోరు రాలేదు. ఇప్పుడు కూడా రాకపోతే ఈ చదువు ఎందుకు?

జై భీమ్, జై సేవాలాల్.