పెట్టుమందు కాదు, మూడో వారం

ఛాతీకి రేడియేషన్ మొదలైన తొలి రెండు వారాలు చాలామందికి తిండి దగ్గర పెద్ద తేడా తెలియదు. మూడో వారం వచ్చేసరికి ముద్ద మింగితే రొమ్ము ఎముక వెనక మంట మొదలవుతుంది. నీళ్లు కూడా గుచ్చుకుంటూ దిగుతాయి. గొంతు కింద ఏదో అడ్డం పడి కూర్చున్నట్టు ఉంటుంది, ఎంత మింగినా అది కదలదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కో, అన్నవాహిక క్యాన్సర్‌కో హైదరాబాద్ పోయి రేడియేషన్ (ఊళ్లో మాటలో 'కరెంటు') పెట్టించుకుంటున్న మనిషి ఈ బాధ ఇంట్లో చెప్పుకున్నప్పుడు, కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో చాలా ఇళ్లలో ఎవరో ఒకరి నోట ఒకే మాట వస్తుంది: "ఎవరో మందు పెట్టిండ్రు."

కిట్టని పాలోళ్లో, భూమి తగాదా ఉన్నవాళ్లో అన్నంలో, కల్లులో ఏదో కలిపి తినిపించారనీ, అది కడుపులో గడ్డకట్టి మనిషిని లోపలి నుంచి తినేస్తోందనీ నమ్మకం. దాన్ని తీసేవాళ్లూ ఉన్నారు. కొందరు ఆకుపసరు తాగించి కక్కిస్తారు. కొందరు పొట్ట మీద గొట్టం ఆనించి పీల్చి, నల్లటి ఉండ ఒకటి అరచేతిలో వేసి చూపిస్తారు. తోలు తెగలేదు, నెత్తురు రాలేదు, మరి ఆ ఉండ ఏ దారిన బయటికి వచ్చింది? ముందే నోట్లో దాచుకున్నది కాబట్టి నోట్లోంచే వచ్చింది. మామూలుగా మనం తిన్నది కొన్ని గంటల్లో కడుపు దాటి పేగుల్లోకి పోతుంది. ఎప్పుడో దసరాకు తిన్న అన్నం సంక్రాంతి దాకా గొంతు కింద కూర్చోదు.

అసలు జరిగేది ఇది. అన్నవాహిక ఛాతీ నడుమ, రెండు ఊపిరితిత్తుల మధ్యనుంచి, గుండె వెనకగా కిందికి దిగుతుంది. ఛాతీలోని గడ్డకు కిరణాలు పెట్టేటప్పుడు దాన్ని పూర్తిగా తప్పించడం చాలాసార్లు కుదరదు. దాని లోపలి పొర కణాలు ఎప్పటికప్పుడు రాలిపోతూ, అడుగు నుంచి కొత్తవి పుడుతూ ఉంటాయి. వేగంగా విభజన చెందే కణాల మీద కిరణాల దెబ్బ ఎక్కువ. క్యాన్సర్ కణాలు చచ్చేది అందుకే, ఈ పొర పలచబడేదీ అందుకే. ఉన్న కణాలు రాలిపోయి, కొత్తవి పుట్టక, పొర పుండయ్యేసరికి రెండు మూడు వారాలు పడుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు సాధారణంగా ఇచ్చే 60 గ్రే మోతాదును వారానికి ఐదు రోజుల చొప్పున 30 సార్లుగా, ఆరు వారాల్లో ఇస్తారు. ఆ ఆరు వారాల చివర, ముగిసిన తర్వాత మరో వారం రెండు వారాలు బాధ ఎక్కువగా ఉంటుంది. ఆ తర్వాత కొత్త పొర వస్తుంది, చాలామందికి నెల, నెలన్నరలో మింగడం తిరిగి సులువవుతుంది. మంచిర్యాల మనిషికైనా మాంచెస్టర్ మనిషికైనా వరస ఇదే. మోకాలికి కిరణాలు పెట్టించుకున్నవాళ్లకు ఈ మంట రాదు. పాలోడు పెట్టిన మందైతే అది డాక్టర్ రాసిన తేదీల ప్రకారం ఎందుకు నడుస్తుంది, కిరణాలు తగిలిన చోటే ఎందుకు మండుతుంది? ఈ ఒక్క ప్రశ్న ఇంట్లో ఎవరైనా గట్టిగా అడిగితే చాలు.

అడగకపోతే ఏమవుతుందో చెప్పాలి. పుండు పడ్డ అన్నవాహికలో బలవంతపు వాంతి అంటే, పచ్చి పుండు మీదుగా కడుపులోని ఆమ్లాన్ని పైకి లాగడం. కక్కినది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. కీమో కూడా నడుస్తుంటే తెల్లకణాలు తగ్గి ఉంటాయి, ఏ ఆకుపసరులోని మురికి అయినా ప్రాణం మీదికి తెస్తుంది. ఇంకో నష్టం కంటికి కనబడదు. మందు తీయించుకోవడానికి ఆదిలాబాద్ దాకా దాదాపు 300 కిలోమీటర్లు వెనక్కి వచ్చిన మనిషి నాలుగు రోజులు కరెంటు తప్పిపోతాడు. ఆ ఖాళీలో క్యాన్సర్ కణాలు మళ్లీ పెరుగుతాయి. మధ్యలో ఆపొద్దని డాక్టర్లు అంత పట్టుబట్టేది ఇందుకే.

మందు పెట్టారని నమ్మాక రెండో ప్రశ్న ఎటూ వస్తుంది, ఎవరు పెట్టారని. ఆ ప్రశ్న ఎక్కడిదాకా పోగలదో మన జిల్లాలకు తెలుసు. 2022 జనవరిలో జగిత్యాల టీఆర్ నగర్‌లో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రిని, ఇద్దరు కొడుకులను చంపారు. పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. అక్కడ మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్ హత్య జరిగిన 2013లోనే చేతబడి, నరబలి లాంటి దురాచారాల మీద చట్టం వచ్చింది. క్యాన్సర్‌ను మహిమలతో నయం చేస్తామని ప్రచారం చేసుకోవడాన్ని నిషేధించే 1954 నాటి కేంద్ర చట్టం దేశమంతటికీ ఉంది. అది ఉందని ఊళ్లో ఎవరికి తెలుసు?

పెట్టుమందును కొట్టిపారేసే ఇళ్లలో కూడా పత్తెం దగ్గర అందరూ తల వంచుతారు. నాకు దీని మీదే ఎక్కువ కోపం, ఎందుకంటే ఇది ప్రేమతో జరుగుతుంది. "కరెంటు పెడ్తున్నరు, ఒళ్లంతా వేడి మీదుంది. గుడ్డు వేడి జేస్తది బిడ్డా, కూర చీము వడ్తది, పెరుగు తింటే దగ్గొస్తది" అని అవ్వ ఒక్కొక్కటే పళ్లెంలోంచి తీసేస్తుంది. చివరికి మిగిలేది ఎల్లిపాయ కారం, చింతపండు చారు. పుండు మీద కారం, పులుపు పోసి, పుండు మానడానికి కావలసిన మాంసకృత్తులను దాచేస్తున్నాం.

వేడి సంగతి లెక్కతోనే తేలుతుంది. ఒక రోజు మోతాదు 2 గ్రే, అంటే కిలో కండరానికి 2 జౌళ్ల శక్తి. దానివల్ల ఒంటి ఉష్ణోగ్రత డిగ్రీలో వెయ్యో వంతు కూడా పెరగదు. వేడివేడి చాయ్ ఒక గుక్క గొంతుకు ఇచ్చే వేడి అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కిరణాలు కణాల్లోని డీఎన్ఏను తెంపుతాయి, ఒంటిని ఉడికించవు. కాబట్టి సలువ చేసే తిండితో విరుగుడు చేయాల్సిన వేడి అక్కడ లేనే లేదు. కరీంనగర్ పట్టణంలో చదువుకున్నవాళ్లు ఇలాంటి పత్తెమే ఫోన్లో వచ్చిన వీడియో చూసి చేస్తున్నారు: చక్కెర క్యాన్సర్‌కు మేత, అందుకని అన్నం, పండ్లు, పాలు బంద్. క్యాన్సర్ కణాలు గ్లూకోజ్‌ను ఎక్కువగా వాడతాయని 1920లలో ఆటో వార్‌బర్గ్ చూపించిన మాట నిజమే. అయితే తిండి మాన్పిస్తే ముందు కరిగేది మనిషి కండ, గడ్డ కాదు. బరువు బాగా తగ్గిన రోగికి చికిత్స తట్టుకోవడమే కష్టమవుతుంది.

మన వంటింట్లోనే దారి ఉంది. జొన్న గట్కను పలచగా కాచి, చల్లారాక పాలో, పుల్లబడని పెరుగో కలిపితే సాఫీగా దిగుతుంది. రాత్రంతా పులిసిన అంబలి ఈ రోజుల్లో మండిస్తుంది, అప్పుడే కాచిన జావ మేలు. మెత్తగా ఉడికిన పెసరపప్పులో నెయ్యి, పూర్తిగా ఉడికించి పాలలో మెదిపిన గుడ్డు, సగ్గుబియ్యం పాయసం, మాగిన అరటిపండు. ఏదైనా గోరువెచ్చగా, కొంచెం కొంచెంగా, రోజుకు ఆరేడు సార్లు. తిన్నాక కనీసం అరగంట మంచం మీద వాలకూడదు. సకినాలు, ఎండు రొట్టె, పచ్చిపులుసు కొన్నాళ్లు ఆగాలి. కల్లు, బీడీ, జర్దా మొత్తానికే ఆగాలి. తిండికి ముందు గొంతును మొద్దుబార్చే మందు, పుండు మీద పొరలా పరుచుకునే మందు, అవసరమైతే మార్ఫిన్ డాక్టర్లు రాస్తారు, సిగ్గుపడకుండా అడగాలి. నీళ్లు కూడా దిగకపోతే, బరువు వేగంగా పడిపోతుంటే ఆ రోజే చెప్పాలి. ముక్కులోంచి పైపు వేశారంటే ఇక ఆశ లేదనుకుని పారిపోయేవాళ్లున్నారు. ఈ చికిత్సలో వేసే పైపు చాలామందికి కొన్ని వారాలదే, గొంతు మానాక తీసేస్తారు.

బయటి యంత్రంతో కిరణాలు పెట్టించుకున్న మనిషి ఒంట్లో అవేవీ మిగలవు. ఆ మనిషికి వేరే పళ్లెం పెట్టి, మనవడిని దగ్గరికి పోనివ్వకపోవడం అన్యాయం. ఒంటి లోపలే రేడియో ధార్మిక మూలకం పెట్టిన చికిత్స వేరు, దానికి జాగ్రత్తలు ఆసుపత్రే చెప్పి పంపుతుంది.

అంతా అయిపోయి ఇంటికి వచ్చాక, ఒకటి నుంచి ఆరు నెలల మధ్య పొడి దగ్గు, ఆయాసం, కొద్దిపాటి జ్వరం రావచ్చు. దిష్టి అనుకోవద్దు, ఊపిరితిత్తికి కిరణాల వల్ల వాపు వచ్చి ఉండవచ్చు. దానికి స్టెరాయిడ్ మందులు ఉన్నాయి. ఏ డాక్టర్ దగ్గరికి పోయినా ఛాతీకి కరెంటు పెట్టించుకున్న సంగతి ముందు చెప్పాలి. కొందరికి నెలల తర్వాత అన్నం మెతుకు అడ్డం పడుతుంది, అన్నవాహిక ఇరుకైందన్నమాట. ఎండోస్కోపీతో దాన్ని వెడల్పు చేస్తారు.

ఇవన్నీ ముందుగానే తెలిసే సంగతులు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుంచి ఉంది, ఆరోగ్యశ్రీ రేడియేషన్ ఖర్చు భరిస్తోంది. ఆదిలాబాద్ నుంచి కొందరు నాగ్‌పూర్‌కు కూడా పోతున్నారు. చికిత్స దాకా చేరుతున్నాం. కానీ ఫైలు పట్టుకుని డాక్టర్ ముందు నిలబడేది కొడుకో, బావమరిదో. పొయ్యి దగ్గర నిలబడే కోడలికి, పత్తెం నిర్ణయించే అవ్వకు మూడో వారం గురించి ఎవరూ చెప్పరు. మూడో వారం మంట పుడుతుందనీ, అది తగ్గుతుందనీ, ఆ రోజుల్లో ఏం వండాలో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో పెద్ద అక్షరాల తెలుగులో ఒక కాగితం మొదటి రోజే ఇవ్వాలి. ఆశా కార్యకర్త రెండో వారంలోనే ఆ ఇంటికి పోయి, దాన్ని అవ్వకు చదివి వినిపించాలి.