బూడిద మేఘం వచ్చింది సరే, ఎంత వచ్చింది?

2025 నవంబరు 23న ఇథియోపియాలోని అఫార్ ప్రాంతంలో హైలీ గుబ్బి అగ్నిపర్వతం బద్దలైంది. గత పన్నెండు వేల ఏళ్లలో అది పేలినట్టు ఎక్కడా నమోదు కాలేదు. బూడిద సుమారు 14 కిలోమీటర్ల ఎత్తుకు లేచింది. ఎర్రసముద్రం దాటి, యెమెన్, ఒమన్ మీదుగా మర్నాటి రాత్రికి గుజరాత్ చేరి, అక్కణ్నుంచి రాజస్థాన్, ఢిల్లీ వైపు సాగింది. విమానయాన సంస్థలకు డీజీసీఏ హెచ్చరిక జారీ చేసింది. ఎయిరిండియా కొన్ని విమానాలు రద్దు చేసింది. ఆకాశ ఎయిర్ జెడ్డా, కువైట్, అబుదాబి సర్వీసులు ఆపింది. ముంబై నుంచో చెన్నై నుంచో గల్ఫ్‌కు మనవాళ్లు వెళ్లొచ్చే ఇళ్లకు ఇది దూరపు వార్త కాదు.

టీవీల్లో ఆ రెండు రోజులూ బూడిద ఎక్కడిదాకా వచ్చిందో మ్యాపులు చూపించారు. ఎంత వచ్చిందో చెప్పినవాళ్లు తక్కువ. విమానం ఎగరాలా, ఆగాలా అనేది తేలేది ఆ రెండో లెక్క మీదే. ఆ లెక్క కోసం జీవితంలో ఎక్కువ భాగం పనిచేసిన ఒక శాస్త్రవేత్త గురించి మన పాఠకులకు చెప్పడానికి ఇదే సరైన సమయం అనుకుంటున్నాం. ఆయన ఇటలీకి చెందిన ఫ్రాంక్ సిల్వియో మార్జానో. 1963లో పుట్టి, 2022లో కన్నుమూశారు.

బూడిదంటే భయం ఎందుకు?

అగ్నిపర్వతపు బూడిద మన పొయ్యిలో బూడిద లాంటిది కాదు. అది రాయి నలిగి, గాజు పొడిలా మారిన పదార్థం. జెట్ ఇంజన్ వేడికి కరిగి, లోపలి రెక్కలకు అంటుకుని గట్టిపడుతుంది. 1982 జూన్ 24న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 9వ నంబరు విమానం ఇండోనేషియాలోని గలుంగుంగ్ అగ్నిపర్వతపు బూడిదలో చిక్కుకుంది. నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. లండన్ నుంచి ఆక్లండ్ వెళ్లే ఆ సర్వీసు బొంబాయి, మద్రాసుల మీదుగా నడిచేది. బూడిదలోంచి బయటపడ్డాక ఇంజన్లు మళ్లీ అందుకోవడంతో 263 మందీ బతికి జకార్తాలో దిగారు. విమానంలోని వాతావరణ రాడార్ మాత్రం ముందు ప్రమాదం ఉందని చూపలేదు. తడి మేఘాలను పట్టేందుకు చేసిన పరికరం అది. పొడి బూడిద దానికి ఆనలేదు.

వాన నుంచి బూడిద దాకా

మార్జానో రోమ్‌లోని సపియెంజా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్ ఇంజనీరింగ్ చదివారు. 1993లో అక్కడే డాక్టరేట్ పొందారు. తర్వాత లాక్విలా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, 2005లో మళ్లీ సపియెంజాకు వచ్చారు. లాక్విలాలోని సెటెంప్స్ అనే వాతావరణ పరిశోధన కేంద్రానికి 2013 నుంచి డైరెక్టరుగా ఉన్నారు.

ఆయన మొదట పట్టుకున్నది వానను. వాన జోరుగా పడితే డిష్ టీవీలో బొమ్మ ఆగిపోవడం మనందరికీ తెలుసు. గాల్లోని నీరు మైక్రోవేవ్ తరంగాలను మింగేసి, చెదరగొట్టడమే అందుకు కారణం. మనకు చిరాకు తెప్పించే ఆ సంగతే ఈ రంగంలో పనిచేసేవాళ్లకు సమాచారం. తరంగం ఎంత తగ్గింది, ఎంత వెనక్కి తిరిగొచ్చింది అన్నది కొలిస్తే దారిలో ఎంత నీరుందో చెప్పొచ్చు. వాతావరణ రాడార్ పనిచేసేది ఇలాగే.

అయితే ఇందులో ఒక చిక్కుంది. చినుకు వెడల్పు రెండింతలైతే బరువు ఎనిమిదింతలు అవుతుంది. రాడార్‌కు తిరిగొచ్చే తరంగం మాత్రం 64 రెట్లు పెరుగుతుంది. అంటే నాలుగు పెద్ద చినుకులు, వందల చిన్న చినుకుల కంటే బలంగా కనిపించొచ్చు. కుండెడు అన్నానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలంటాం. ఇక్కడ ఆ ఒక్క మెతుకును నమ్మితే లెక్క తప్పుతుంది. బూడిద విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. రేణువుల్లో పిండి లాంటివీ ఉంటాయి, గులకరాళ్ల లాంటివీ ఉంటాయి. పైగా ఒకే పరిమాణంలో ఉన్న నీటిచుక్క కంటే బూడిద రేణువు తరంగాన్ని తక్కువగా వెనక్కి పంపుతుంది.

దీనికి మార్జానో బృందం ఒక పద్ధతి తయారుచేసింది. ఎన్నో రకాల బూడిద మేఘాలను ముందే కంప్యూటర్‌లో ఊహించి, ఒక్కోదాని నుంచి రాడార్‌కు ఏ స్థాయి తరంగం రావాలో లెక్కగట్టారు. నిజంగా పేలుడు జరిగినప్పుడు రాడార్‌కు వచ్చింది వాటిలో దేనికి దగ్గరగా ఉందో సరిపోల్చారు. దాన్నిబట్టి అది సన్న బూడిదా, ముతక బూడిదా, గులకా అని విడదీసి, ఘనపు మీటరు గాలిలో ఎంత ఉందో అంచనా వేశారు. ఈ పద్ధతిని 2006లో ప్రచురించారు. 2004లో ఐస్‌లాండ్‌లో గ్రిమ్స్‌వోట్న్ పేలినప్పుడు కెఫ్లావిక్‌లోని వాతావరణ రాడార్ నమోదుచేసిన సమాచారం మీద దాన్ని పరీక్షించారు. వాన కోసం పెట్టిన రాడార్‌తోనే బూడిదను తూకం వేశారన్నమాట.

నాలుగేళ్లకే అవసరం వచ్చింది

2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్‌లోనే ఎయ్యఫ్యాట్లయోకుల్ పేలింది. ఐరోపా ఆకాశం దాదాపు మూతబడింది. సుమారు లక్ష విమానాలు రద్దయ్యాయి, కోటి మంది ప్రయాణాలు ఆగాయి. అప్పటిదాకా ఉన్న నియమం ఒక్కటే: బూడిద ఉంటే ఎగరొద్దు. ఆ ఏప్రిల్‌లోనే బ్రిటన్ నియంత్రణ సంస్థ ఘనపు మీటరుకు 2 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. ఒక్కసారి హద్దు వచ్చాక దాన్ని కొలిచేవాళ్లు కావాలి. అప్పటిదాకా కొద్దిమంది పరిశోధకుల పట్టింపుగా ఉన్న పని అందరికీ అవసరమైంది.

అప్పటికి ఐస్‌లాండ్‌లో ఉన్న వాతావరణ రాడార్ కెఫ్లావిక్‌లోని ఒక్కటే. అగ్నిపర్వతానికి దాదాపు 155 కిలోమీటర్ల దూరం. తర్వాత ఇటలీ పౌర రక్షణ శాఖ తన సంచార రాడార్‌ను ఐస్‌లాండ్‌కు అరువిచ్చింది. 2011 మేలో గ్రిమ్స్‌వోట్న్ మళ్లీ పేలినప్పుడు ఆ రాడార్ దగ్గర్నుంచే చూసింది. 2013 నవంబరు 23న ఎట్నా పేలుడును కతానియా విమానాశ్రయంలోని రాడార్ పట్టింది. ఈ కొలతల విశ్లేషణలో మార్జానో, ఆయన సహచరులు పనిచేశారు. వాతావరణం, అగ్నిపర్వతాలు రెండింటిలో మైక్రోవేవ్ పరిశీలనకు చేసిన కృషికి ఐఈఈఈ సంస్థ ఆయన్ను ఫెలోగా గుర్తించింది.

హైలీ గుబ్బి నేర్పేది ఏమిటి?

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. అఫార్ నుంచి ఢిల్లీకి సుమారు 4,100 కిలోమీటర్లు. అంత దూరం తేలి వచ్చేసరికి ముతక రేణువులు రాలిపోయి, అతి సన్నటివే మిగులుతాయి. వాటిని మన డాప్లర్ రాడార్లు పట్టలేవు. ఉపగ్రహాలే దిక్కు. రాడార్ అక్కరకొచ్చేది బూడిద లేచే చోట. మొదట్లో ఎంత లేచిందో తెలిస్తే, గాలివాటాన్ని బట్టి చివర్లో ఎంత మిగులుతుందో లెక్క కట్టొచ్చు. మొదటి అంకె గట్టిగా లేకపోతే చివరి అంకె కూడా గట్టిగా ఉండదు. అప్పుడు సంస్థలు భద్రత కోసం విమానాలు ఆపేస్తాయి. అది తప్పు కాదు. కానీ ఆ ఖర్చు సెలవు అయిపోయి డ్యూటీలో చేరాల్సిన కార్మికుడి మీద పడుతుంది.

మన దేశంలోనూ ఒక అగ్నిపర్వతం ఉంది. అండమాన్‌లోని బారెన్ ద్వీపం. పోర్ట్ బ్లెయిర్, అంటే ఇప్పటి శ్రీ విజయపురం, నుంచి దాదాపు 140 కిలోమీటర్లు. 2025 సెప్టెంబరులోనే రెండుసార్లు స్వల్పంగా పేలింది. అండమాన్‌లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. చెన్నై, విశాఖలతో వాళ్ల రాకపోకలు విమానాల మీదే ఎక్కువ. ఆ ద్వీపంలో జనం లేరు గనుక ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. కతానియాలో పెట్టినట్టు, బూడిదను తూచగల రాడార్ అండమాన్‌కూ ఉండాలన్నది మా అభిప్రాయం.

అంకె మన ఇంటిదాకా రావాలి

అగ్నిపర్వతం మనలో చాలామందికి దూరమే. తుపాను అలా కాదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. యానాం నుంచి అది ఎంతో దూరం కాదు. చెన్నై, మచిలీపట్నం, విశాఖ, గోపాల్‌పూర్ రాడార్లు ఇచ్చే లెక్కల వెనక ఉన్నదీ ఇదే శాస్త్రం. తిరిగొచ్చిన తరంగాన్ని మిల్లీమీటర్లలోకి మార్చడమే అక్కడి పని.

వాతావరణ శాఖ మాటలకూ అంకెలున్నాయి. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం. 115.6 నుంచి అతి భారీ. 204.4 దాటితే అత్యంత భారీ. ఈ మూడింటి తేడా తెలిసిన ఇల్లు సామాను ఎప్పుడు పైకెత్తాలో, ఎప్పుడు ఇల్లు వదలాలో ముందే తేల్చుకోగలదు. పూరీ, గోపాల్‌పూర్ తీరాల్లో వేటకెళ్లే మన మత్స్యకారుల్లో తెలుగు మాట్లాడతారు గానీ తెలుగు లిపి చదవని వాళ్లున్నారు, ఒడియా చదవని పెద్దలూ ఉన్నారు. వాళ్లకు ఫోనులో వచ్చే అక్షరాల కంటే తెలుగులో వినిపించే మాట అవసరం. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ సచేత్ యాప్‌లో భాష ఎంచుకునే వీలుంది. మన సంఘాల కుర్రాళ్లు దాన్ని పెద్దవాళ్ల ఫోన్లలో పెట్టి చూపించాలి. హెచ్చరిక వచ్చిన రోజున ఆ అంకెను మైకులో తెలుగులో చెప్పించే బాధ్యత కూడా సంఘాలు తీసుకోవాలి.

మార్జానో ముప్పై ఏళ్లు అడిగిన ప్రశ్న చిన్నదే: ఎంత? వచ్చే తుపాను కబురు విన్నప్పుడు మనమూ అదే అడుగుదాం. జవాబు తెలిసినవాళ్లు పక్కింటికి వెళ్లి చెబితే ఆ లెక్కకు ఫలితం దక్కుతుంది.