మడి బుడగకూ పొగగొట్టానికీ ఒకే కాటానా?

నాట్లు పడి నెల దాటిన మడిలో కాలు పెడితే మడమ చుట్టూ బుడబుడమని బుడగలు లేస్తాయి. నీటి కింద గాలాడని బురదలో సూక్ష్మజీవులు పుట్టించే మీథేన్ అది. ఇప్పుడు ఆ బుడగకూ బజారుంది. టన్ను మీథేన్ ఆపితే 28 టన్నుల కార్బన్ డయాక్సైడ్ ఆపినట్టేనని లెక్కగట్టి కార్బన్ క్రెడిట్లు అమ్ముతున్నారు. కొన్నవాడు ఆ మేరకు తన పొగ మాఫీ అయిందని చెప్పుకుంటాడు. దీనికి శాస్త్రం అని పేరు!

ఇంతకీ ఆ 28 ఎక్కడిది? నూరేళ్ల గడువు పెట్టి, ఏ వాయువు ఎంత వేడి పెంచుతుందో కట్టిన లెక్క. 1990లో ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్ర సంఘం ఐపీసీసీ తొలి నివేదిక 20, 100, 500 ఏళ్లకు మూడు లెక్కలు ఇచ్చింది. 1997లో క్యోటో వాతావరణ ఒప్పందంలో దేశాలు నూరును ఖాయం చేసుకున్నాయి. ఇరవై ఏళ్ల గడువు పెడితే అదే మీథేన్ 80 చుట్టూ తూగుతుంది.

అంకె మారడం అటుంచండి, అసలు తిరకాసు ఆయుష్షులో ఉంది. ఉదాహరణకు, గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. ఆ ఏడాది డెల్టా మడులు వదిలిన మీథేన్ కొన్ని దశాబ్దాల్లోనే విరిగిపోయింది. దాని సగటు ఆయుష్షు పన్నెండేళ్లే. అదే ఏడాది ఇంగ్లండ్ మిల్లుల్లో కాలిన బొగ్గు తాలూకు కార్బన్ డయాక్సైడ్‌లో కొంత ఇప్పటికీ మన నెత్తిమీదే ఉంది. మడి ఏటా అంతే వదిలితే పాతది పోతూ కొత్తది వస్తుంది, మట్టం పెద్దగా పెరగదు. బొగ్గు పొగ మాత్రం ఏటికేడు పేరుకుంటుంది. చేబదులుకూ చక్రవడ్డీకీ చెల్లుకు చెల్లు రాస్తే ఏ షావుకారైనా నవ్వడా?

అలాగని మీథేన్‌ను వదిలేయమనను. ఇప్పటిదాకా పెరిగిన వేడిలో దాని వాటా అర డిగ్రీ దాకా ఉంది. తగ్గిస్తే ఫలితం త్వరగా కనిపిస్తుంది. చిల్లులు పొడిచిన గొట్టం మడిలో పాతి, నీరు నేలమట్టం కింద ఆరంగుళాల లోతుకు దిగాకే మళ్లీ తడిపే పద్ధతి మంచిదే. (ఆరబెడితే నైట్రస్ ఆక్సైడ్ అనే మరో వేడి పెంచే వాయువు కాస్త పెరుగుతుంది, యూరియా చల్లేటప్పుడు జాగ్రత్త.) ఒకే అంకె లేకుంటే ఒప్పందాలెలా అంటారు కొందరు. రెండు ఖాతాలు రాయండి: నిలిచేవి ఒకటి, విరిగేవి ఒకటి. ఎవరు ఎందుకు వదులుతున్నారన్నదీ చూడాలి: బతుకు కోసం వదిలేదాన్నీ విలాసం కోసం వదిలేదాన్నీ ఒకే గాటన కట్టొద్దని పర్యావరణవేత్తలు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లోనే హెచ్చరించారు.

రైతు సోదరులారా, గొట్టం పాతుతామని క్రెడిట్ల వాళ్లు వస్తే పాతించుకోండి, నీళ్లు మిగులుతాయి. సంతకం పెట్టే ముందు మాత్రం ఒక్క మాట అడగండి: ఈ క్రెడిట్ కొన్నవాడు దీని పేరు చెప్పి ఎంత బొగ్గు కాల్చబోతున్నాడు?