దేశాల పట్టికలో ఇమడని వరి మడి

వరి పొలాల మీథేన్ మాట వచ్చినప్పుడల్లా ఒక పట్టిక బయటికొస్తుంది. చైనా, భారత్ ముందు వరసలో ఉంటాయి. ఇండోనేషియా, వియత్నాం, బంగ్లాదేశ్ ఆ వెనక ఉంటాయి. అది చూసి సదస్సుల్లో పెద్దలూ, మనలో చదువుకున్నవాళ్లూ ఒకే మాట తేల్చేస్తున్నారు: ఆసియా రైతు మడిలో నీళ్లు నిలబెట్టి భూమిని వేడెక్కిస్తున్నాడని. ఆ వాయువు పుట్టడం అబద్ధం కాదు. దాన్ని దేశాల వారీగా కూడి, వరస పెట్టి, ఆ వరసను బట్టి నేరం మోపడం తప్పు.

లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాకకే వెళ్దాం. వరాహ నది పక్క పల్లపు భూముల్లో ఉభాలైన కొన్ని వారాలకు మడిలో కాలు పెడితే, మడమ దిగినచోట బురదలోంచి బుడగలు లేస్తాయి. గాలి ఆడని ఆ బురదలో సూక్ష్మజీవులు పాత మోళ్లనూ పెంటనూ కుళ్లబెట్టి మీథేన్ తయారుచేస్తాయి. అందులో ఎక్కువ భాగం బుడగల్లో కాదు, వరి మొక్క లోపలి గాలి గొట్టాల గుండా పైకి పోతుంది. అదే గట్టు దాటి కాస్త మెరకలోకి వెళ్తే, వాన నాలుగు రోజులు ముఖం చాటేసిన మడి నెర్రెలు తీసి ఉంటుంది. అక్కడ మట్టిలోకి గాలి దూరింది, మీథేన్ తగ్గిపోయింది. రెండు మళ్లకూ మధ్య ఉన్నది ఒక్క గట్టు. పట్టికలో మాత్రం రెండూ ‘భారత్’.

ఇది నా ఊహ కాదు. ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘం ఐపీసీసీ 2019లో సవరించిన లెక్కలే ఈ మాట చెబుతున్నాయి. ఎప్పుడూ నీళ్లు నిలిచే మడి హెక్టారుకు రోజుకు వదిలే మీథేన్ దక్షిణాసియాలో 0.85 కిలోలు, తూర్పు ఆసియాలో 1.32, యూరప్‌లో 1.56, ఉత్తర అమెరికాలో 0.65. అన్నిటికన్నా ఎక్కువకూ తక్కువకూ తేడా రెండున్నర రెట్లు లేదు. అదే లెక్కల్లో, నిత్యం నీళ్లున్న మడికి 1 వేస్తే వానాధారమై తరచూ ఎండే మడికి 0.16. ఆరు రెట్ల తేడా! ఖండాల మధ్య లేనంత తేడా ఒకే ఊళ్లో కనిపిస్తుంటే, దేశాలను పోల్చి తెలుసుకునేదేమిటి? ఊరి మొత్తం కరెంటు బిల్లు చూసి ఎవరింట్లో దీపం వృథాగా వెలుగుతోందో చెప్పినట్టే కదా.

ఈ పొరపాటుకు మనం ఒకసారి గట్టిగానే బలయ్యాం. 1990లో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ అంచనా ప్రకారం భారత వరి పొలాల మీథేన్ ఏడాదికి 3 కోట్ల 78 లక్షల టన్నులు. ఎక్కడో పాశ్చాత్య పొలాల్లో కొలిచిన అంకెను మన విస్తీర్ణంతో గుణించేశారు. ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాలకు చెందిన ఎ.పి. మిత్ర నాయకత్వంలో 1991లో దేశంలోని పొలాల్లోనే కొలిస్తే తేలింది సుమారు 40 లక్షల టన్నులు. దాదాపు తొమ్మిదో వంతు! అదే ఏడాది అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ బతుకు కోసం వదిలే వాయువునూ విలాసం కోసం వదిలే వాయువునూ ఒకే గాటన కట్టొద్దని వాదించారు. ఆ వాదం నేటికీ నిలబడుతుంది. విస్తీర్ణాన్ని బట్టి తేల్చే లెక్క మాత్రం నిలబడదు. ప్రపంచంలో వరి విస్తీర్ణం మనదే ఎక్కువ, చైనాది మనకన్నా ఎంతో తక్కువ. అయినా మీథేన్‌లో చైనాయే మనల్ని దాటడానికి కారణం నీటి పద్ధతీ ఎరువూ గాని జాతీయత కాదు.

వాతావరణానికి సరిహద్దులు తెలియవు, ఎవరిదైనా మీథేన్ మీథేనే కదా అంటారు. నిజమే. నేననేదీ అదే. సరిహద్దులు లేని వాయువుకు సరిహద్దుల పట్టిక ఎందుకు?

మిత్ర లెక్క చూపించి మన చేతులు శుభ్రంగా ఉన్నాయనే వాళ్లతోనూ నాకు పేచీ ఉంది. బోరు కింద దాళ్వా వరికి రాత్రింబవళ్లు నీళ్లు పెట్టేచోట మీథేన్ తగ్గించే వీలుంది, తగ్గించాలి కూడా. 2003లో ఆలపాటి సత్యనారాయణ శ్రీ వరిని మన రైతుల దగ్గరికి తెచ్చినప్పుడే ఆరుతడి మాట పొలాల్లోకి వచ్చింది. ఆరుతడి పెడితే మీథేన్ సగం దాకా తగ్గుతుంది. అయితే అక్కడా ఒక మెలిక ఉంది. మడిని మరీ ఆరబెట్టి యూరియా దట్టిస్తే నైట్రస్ ఆక్సైడ్ పెరుగుతుందని 2018లో దక్షిణ భారత పొలాల్లో కొలిచిన ఒక అధ్యయనం చెప్పింది. మీథేన్ ఒక్కటే లెక్కపెట్టే పట్టికకు ఆ వాయువు కనిపించదు.

ఆరుతడి పెట్టాలంటే నీరు రైతు చేతిలో ఉండాలి. చెరువు కింద మడి నుంచి మడికి నీరు పారేచోట, పైవాడు వదిలితేనే కిందివాడికి తడి. తూము ఎప్పుడు తెరుస్తారో తెలియని రైతు ఉన్న నీళ్లను వదులుకోమంటే వదులుకుంటాడా? రేపు నీళ్లు రాకపోతే పంటకు పూచీ ఎవరిది? మడిలో చిల్లుల గొట్టం పాతి, నీటిమట్టం ఇంతకు దిగాక పెట్టు అని చెప్పడం తేలిక. కాలువలకు పూడిక తీయడం, తూములకు తలుపులు బిగించడం, వంతుల పద్ధతి నడపడం కష్టమైన పని, ఖర్చుతో కూడిన పని. ఆ ఖర్చు గురించి దేశాల పట్టిక ఒక్క మాటా చెప్పదు.

కొలవాలనుకుంటే ఆయకట్టు వారీగా కొలవండి. ఏ తూము కింద ఎన్ని ఎకరాలు, ఎన్ని రోజులు నీళ్లు నిలుస్తాయి, ఏ ఎరువు పడుతుంది, ఎంత పండుతుందో రాయండి. ముందు తూము తలుపుకు డబ్బివ్వండి, ఆరుతడి మాట ఆ తర్వాత అడగండి.