చొక్కా మీద నేల టిక్కెట్టు

2022లో 'పోకిరి' మళ్ళీ థియేటర్లకొచ్చినప్పట్నుంచీ పాత సినిమా రీ-రిలీజంటే మన కుర్రకారుకి పండగే. పండగన్నాక కొత్తబట్టలుండాలిగా! అందుకే హీరో బొమ్మ టీషర్టులు. ట్రాన్స్‌ఫర్ పేపరు మీద బొమ్మ ప్రింటు తీసి, బట్ట మీద బోర్లించి ఇస్త్రీ చేస్తే చొక్కా రెడీ. 1977లో 'స్టార్ వార్స్' వచ్చినప్పుడు అమెరికా కుర్రాళ్ళు ఈ ఇస్త్రీ బొమ్మల్ని దుకాణాల్లో కొనుక్కునేవాళ్ళు. ఇప్పుడు ఎవరి బొమ్మ వాళ్ళే అచ్చేసుకోవచ్చు.

"ఓస్, ఇంతేనా?" అనుకుని నేనూ దిగాను. నాక్కావలసింది హీరో బొమ్మ కాదు లెండి.

మా ఊరి హాల్లో ఆపరేటరున్నాడు. ఊరందరికీ బాబాయే. కార్బన్ కడ్డీలు వెలిగించి రీళ్ళు నడిపిన మనిషి. డిజిటల్ వచ్చాక మీట నొక్కే పనిలో పడ్డాడు. ఆ హాలు మూసేస్తున్నారని తెలిసింది. బాబాయి పర్సులో ఓ గులాబీరంగు నేల టిక్కెట్టుంది. 1984లో పనిలో చేరిన రోజుది. చిరుగుతుందని బయటికి కూడా తీయడు. ఆఖరి ఆట నాడు ఆ టిక్కెట్టు బొమ్మ వేసిన తెల్లచొక్కా ఆయనకి తొడగాలని మా నలుగురి ప్లాను. బతిమాలి ఫోన్లో ఫోటో తీసుకున్నాను.

పేపరు పట్టుకుని జిరాక్సు షాపుకెళ్తే ఆయన దణ్ణం పెట్టాడు. "ఇది ఇంక్‌జెట్ పేపరు సార్, నాది లేజర్ మిషను. లోపలి వేడికి కరిగి రోలరుకి అంటుకుంటే నా కొంప మునుగుతుంది." నిజమే. లేజర్‌కి వేరే పేపరుంది. కొనేముందు అట్ట మీద చదువుకోవాలి. నల్లచొక్కాకైతే అదీ వేరే. దాన్ని బోర్లించరు, వెనకపొర ఊడదీసి వెల్లకిలా పరుస్తారు.

స్నేహితుడింట్లో ప్రింటు తీశాం. ఇస్త్రీ చేశాను. పొర లాగాను. టిక్కెట్టు దివ్యంగా దిగింది... అక్షరాలన్నీ తిరగబడి! బోర్లించే పేపరు మీద బొమ్మని అద్దంలోలాగా తిప్పి అచ్చెయ్యాలన్న సంగతి మరిచాను. ఆ చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడితే మాత్రం శుభ్రంగా చదువుకోవచ్చు. మావాళ్ళు నవ్విన నవ్వు ఇప్పటికీ వినబడుతోంది.

మిగిలింది ఒక్క కాగితం. ఆట మర్నాడే. నా చేతిమీద నాకే నమ్మకం పోయి, వీధి చివర ఇస్త్రీ బండి దగ్గరికి పరిగెత్తాను. ఆయన బొగ్గుల పెట్టెకి ఆవిరి చిల్లులుండవు, బరువు మా పెట్టెకి రెండింతలు. ఈ పనికి కావలసింది అదే: పొడివేడి, గట్టి ఒత్తిడి, కింద మెత్తటి పరుపు కాకుండా చెక్కబల్ల. బొమ్మ చుట్టూ పేపరు దగ్గరగా కత్తిరించాను. లేకపోతే ఆ మిగులు కూడా బట్టకంటి మెరుస్తుంది. ఆయన పాతగుడ్డ మీద వేడి చూసుకుని, అంచులు వదలకుండా నిదానంగా అదిమాడు. అట్ట మీద చెప్పినట్టు చల్లారాకే పొర లాగాం. కొన్ని పేపర్లని వేడిమీదే లాగాలి సుమండీ. నూలు చొక్కా, పైగా ముందే ఉతికి ఆరేసింది కావడంతో చక్కగా పట్టింది.

అన్నట్టు, హీరో బొమ్మలు సరదాగా తొడుక్కోండి గానీ అమ్మకాలకి దిగకండి. ఆ బొమ్మల మీద హక్కు వేరేవాళ్ళది.

ఆఖరి ఆటకి ముందు చొక్కా ఇచ్చాం. బాబాయి ఏమీ మాట్లాడలేదు. పర్సులోంచి అసలు టిక్కెట్టు తీసి, చొక్కా పక్కన పెట్టి, నంబరు అంకె అంకె సరిచూశాడు. నాకేమో ఏంచెయ్యాలో తోచక, "ఒకరోజు ఆగి ఉతకాలి బాబాయ్. తిరగేసి, చన్నీళ్ళలో. బండకేసి బాదకూడదు" అన్నాను.

"అసలు ఉతికితే కదరా" అని, చొక్కా తొడుక్కుని, మెట్లెక్కి కేబిన్లోకి వెళ్ళిపోయాడు.