కల్లు మానిపించే ముందు

కౌతాళం నుంచి ఒక సోదరి అడిగారు: "కల్లు మానాలంటే మా వారిని నాలుగు రోజులు గదిలో పెట్టి తాళం వేయమంటున్నారు. వేయమంటారా?"

వద్దమ్మా. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతారు. అలవాటుపడ్డ మనిషికి అవి హఠాత్తుగా ఆగిపోతే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, లేనివి కనిపిస్తాయి. ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికీ రావచ్చు. 2015 సెప్టెంబరులో మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో కల్తీ కల్లు ఒక్కసారిగా దొరక్కుండా పోయేసరికి ఇలాంటి రోగులు ఆస్పత్రులకు బారులు తీరారు.

గాలి సోకిందని తాయెత్తులు కట్టిస్తూ కూర్చోకండి. ఆదోని ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లండి. రోజుకు ఎన్ని సీసాలో దాచకుండా చెప్పండి (డాక్టరు కసురుకుంటే కసురుకోనివ్వండి). ఆయన తగిన మందు ఇచ్చి, మోతాదు కొన్ని వారాలపాటు కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. నిద్రమాత్రలు మాత్రం మీరే షాపులో కొని ఇవ్వకండి.