ఫణిగిరి గుట్ట దగ్గర మ్యూజియం కావాలి

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో విష్ణుకుండినులంటే మార్కులు. గ్రూప్స్ అభ్యర్థులు ఆ రాజుల పేర్లు అర్ధరాత్రి దాకా బట్టీ పడతారు. ఆ వంశం నాటిదని చరిత్రకారులు చెప్పే ప్రాకృత శాసనం ఒక్క మెట్రో స్టేషన్ అవతలే, చైతన్యపురిలో మూసీ ఒడ్డున ఉంది. చూసొచ్చినవాళ్లు మాత్రం తక్కువ.

కొసగుండ్ల నరసింహస్వామి గుడి ఉన్న ఫణిగిరి గుట్ట మీదే ఆ శాసనం. (సూర్యాపేట జిల్లా ఫణిగిరి వేరు, పేరు ఒకటే కావడంతో పుస్తకాలు చదివినవాళ్లు కూడా తికమకపడతారు.) బ్రాహ్మీ లిపిలో గోవిందరాజ విహారం ప్రస్తావన ఉంది. 1591లో చార్మినార్ కట్టడానికి వెయ్యేళ్లకు పైగా ముందే ఇక్కడ బౌద్ధ భిక్షువులు ఉండేవారన్నమాట. ఇక ఆ శాసనమున్న గ్రానైట్ బండ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు.

మ్యూజియాలు చాలవా అనేవారున్నారు. సాలార్‌జంగ్ ఉంది, పబ్లిక్ గార్డెన్స్‌లో స్టేట్ మ్యూజియం ఉంది, మాసబ్‌ట్యాంక్‌లో గిరిజన మ్యూజియం ఉంది. బిర్లా సైన్స్ మ్యూజియంలో యామనపల్లి దగ్గర తవ్వితీసిన కోటసారస్ అస్థిపంజరం ముందు పిల్లలు కదలరు. అన్నీ మంచివే, కానీ ఏదీ ఈ ప్రాంతం కథ చెప్పడానికి కట్టింది కాదు.

అందుకు పెద్ద భవనం అక్కర్లేదు. గుట్ట దగ్గర నాలుగు గదులు చాలు. మొదటి గది శాసనానిది. దాన్ని కదిలించొద్దు, నకలు తీయాలి. తడి కాగితాన్ని రాతికి అదిమి, బ్రష్‌తో కొట్టి, పైన సిరా అద్దితే అక్షరాలు నల్లటి నేల మీద తెల్లగా తేలతాయి. ఆ పని పిల్లల కళ్లముందే జరగాలి.

రెండో గది వనస్థలిపురం పక్కనున్న హరిణ వనస్థలిది. నిజాం వేటమైదానం 1975లో కృష్ణజింకల రక్షిత వనమైంది. జాతీయ రహదారి మీద రోజూ దాని పక్కనుంచే పోతున్నాం.

మూడోది సాగర్, శ్రీశైలం రోడ్ల వెంట ఉన్న తండాలది, నల్లమల చెంచులది. లంబాడీల అద్దాల కుట్టుపని, చెంచులు తేనె తీసే తాళ్లు పెట్టి, పక్కన ఎవరో రాసిచ్చిన రెండు వాక్యాలు అంటిస్తే కుదరదు. ఏది పెట్టాలో, ఏది చూపకూడదో వాళ్లే చెప్పాలి. జీతమిచ్చి వాళ్లనే నియమించాలి.

నాలుగోది పాత సరూర్‌నగర్ ఫొటోలకు.

తెలంగాణ వారసత్వ చట్టం 2017 నుంచీ ఉంది. వారసత్వ శాఖ ముందు గుట్ట హద్దులు తేల్చి, శాసనానికి కంచె, బోర్డు, దారి ఏర్పాటు చేయాలి. కాలనీ సంఘాలు ఈ కోరికతో తీర్మానం చేసి శాఖకూ, కార్పొరేటర్‌కూ, ఎమ్మెల్యేకూ పంపాలి. అటకమీది పాత ఫొటోలు, ఇత్తడి కొలతపాత్రలు అప్పటిదాకా పాత సామాన్లవాళ్లకు అమ్మకండి.